పాత హెడ్డింగుల వేటకి ట్రోవ్ ఎంతవరకు పనికొస్తుంది

పాత పేపర్లలోంచి ఒక హెడ్డింగు ఏరి, "ఇదే అక్షరాలా నిజమైతే మర్నాడు ఏమయ్యేది?" అని ఊహించి రాసే సరదా వ్యాసాలకి పాఠకులు ఎప్పుడూ ఉన్నారు. రాసేవాళ్లకి చిక్కంతా సరుకు దగ్గరే వస్తుంది. చేతులు మారుతూ తిరిగే హెడ్డింగు బొమ్మల మీద పేపరు పేరుండదు, తేదీ ఉండదు, కింద వార్త అసలే ఉండదు. హెడ్డింగు ఒక్కటే దొరికితే ఒక నవ్వుతో పని అయిపోతుంది. కింద వార్త, పక్క కాలమ్, మర్నాటి సవరణ కూడా దొరికితేనే వ్యాసం నిలుస్తుంది. అందుకని పాత పేపర్లని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో వెతుక్కునేలా పెట్టిన సేవని "ఎన్ని కోట్ల పేజీలున్నాయి" అని కొలవకూడదు. హెడ్డింగుని వార్తతో, పేజీతో, తేదీతో కలిపి చేతికి ఇస్తుందా లేదా అనేదే చూడాలి. ఆ లెక్కన ఉచితంగా దొరికేవాటిలో ట్రోవ్‌కే మొదటి స్థానం. అమెరికావాళ్ల క్రానిక్లింగ్ అమెరికా రెండోది. న్యూజిలాండ్‌వాళ్ల పేపర్స్ పాస్ట్ చిన్నదైనా చాలా శుభ్రమైనది.

ట్రోవ్ ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం 2009లో మొదలుపెట్టిన సేవ. చదవడానికి ఖాతా అక్కర్లేదు, చందా లేదు. పేపర్ల భాగం 1803 నాటి సిడ్నీ గజెట్‌తో మొదలవుతుంది. కాపీరైట్ వల్ల చాలా పత్రికలు 1954 దగ్గర ఆగిపోతాయి. కొన్ని మాత్రం ముందుకెళ్తాయి: కాన్‌బెరా టైమ్స్ 1995 వరకు, విమెన్స్ వీక్లీ 1933 నుంచి 1982 వరకు ఉన్నాయి. ఆస్ట్రేలియా పేపర్లు మనకెందుకు అనిపించవచ్చు. ఆ పేపర్లు ప్రపంచం నలుమూలల నుంచి కేబుల్ వార్తలు, అంటే టెలిగ్రాఫ్ తీగ మీద వచ్చే వార్తలు తెప్పించుకుని వేసేవి, పరదేశపు పేపర్లలోని వింతల్ని కత్తిరించి మళ్లీ అచ్చేసుకునేవి. ఒకే సంఘటన మీద పది పట్నాల సబ్‌ఎడిటర్లు పది రకాలుగా పెట్టిన హెడ్డింగులు ఒక్క వెతుకులాటలో వరసగా వచ్చి పడతాయి. హెడ్డింగుల మీద రాసేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి!

అసలు బలం ఇంకోటుంది. ట్రోవ్ పేజీని ముక్కలు చేసి, ఏ వార్తకి ఆ వార్తని విడదీసి పెట్టింది. స్కాన్ చేసిన బొమ్మ నుంచి అక్షరాల్ని యంత్రం చదివాక, హెడ్డింగునీ వార్తలో మొదటి కొన్ని లైన్లనీ మనుషుల చేత సరిచేయించారు. మిగతా వార్త యంత్రం చదివినట్టే ఉంటుంది. కాబట్టి ఫలితాల జాబితాలో కనిపించే హెడ్డింగుని చాలావరకు నమ్మొచ్చు. హెడ్డింగుల వేటగాళ్లని దృష్టిలో పెట్టుకుని చేశారా అన్నంత సరిగ్గా కుదిరింది ఈ ఏర్పాటు.

ఇక పని మొదలుపెట్టే తీరు. ముందుగా వెతుకులాటని న్యూస్‌పేపర్స్ అండ్ గజెట్స్ అనే విభాగానికి పరిమితం చేయాలి. అలా చేయకపోతే పుస్తకాలు, ఫొటోలు, పటాలు అన్నీ కలగాపులగంగా వస్తాయి. తర్వాత పక్కనున్న ఫిల్టర్లలో మూడు పనులు చేయాలి. విభాగంలో ఆర్టికల్ అన్నది ఎంచుకుంటే ప్రకటనలు, జనన మరణ నోటీసులు, పందేల ఫలితాలు తప్పుకుంటాయి. తేదీలో దశాబ్దం ఎంచుకోవాలి. మూడోది అందరూ వదిలేసేది, మాటల సంఖ్య. వందలోపు, వంద నుంచి వెయ్యి, వెయ్యి పైన అని మూడు గదులుంటాయి. వందలోపు గదిలోకి దిగితే గని తవ్వినట్టే. కాలమ్ అడుగున రెండంగుళాల చోటు మిగిలితే పూడ్చడానికి వేసిన చిట్టి వార్తలన్నీ అక్కడే ఉంటాయి. ఆ రోజుల్లో పెద్ద వార్త హెడ్డింగుని నలుగురు చూసి పంపేవాళ్లు. చోటు పూడ్చే వార్తకి హడావుడిలో ఏదో ఒకటి తగిలించి పంపేసేవాళ్లు. తమాషా అంతా అక్కడే పుడుతుంది.

ఏ మాటతో వెతకాలన్నది తర్వాతి ప్రశ్న. "ఫన్నీ హెడ్‌లైన్" అని కొడితే పనికొచ్చేదేమీ రాదు. ఏ సబ్‌ఎడిటరూ నవ్వించాలని హెడ్డింగు పెట్టలేదు కదా. ఇంగ్లీషు హెడ్డింగు ఎందుకు తికమకపడుతుందో తెలిస్తే వెతకాల్సిన మాటలు వాటంతట అవే తెలుస్తాయి. సీసం అచ్చుల కాలంలో అక్షరాన్ని సాగదీయడం, నొక్కడం కుదరదు. కాలమ్ వెడల్పు ఇంత అంటే ఇంతే. అందుకే సబ్‌ఎడిటర్లు అక్షరాలకి యూనిట్లు లెక్కగట్టేవాళ్లు. మామూలు చిన్నక్షరం ఒకటి. ఐ, ఎల్ లాంటి సన్నవి అర. ఎమ్, డబ్ల్యూ ఒకటిన్నర. సింగిల్ కాలమ్‌లో ఒక్క లైనుకి పట్టే యూనిట్లు చాలా తక్కువ. ఆ ఇరుకులో ఎ, ది, ఈజ్, వర్ లాంటి చిన్న మాటలన్నీ ఎగిరిపోతాయి, పొట్టి క్రియలు మాత్రమే మిగులుతాయి. పొట్టి ఇంగ్లీషు మాటల్లో చాలావాటికి రెండేసి అర్థాలు, పైగా అదే మాట నామవాచకమూ అవుతుంది, క్రియా అవుతుంది. బార్స్, ఫైర్స్, స్ట్రైక్స్, బ్యాక్స్, లీడ్స్, హ్యాంగ్స్, సింక్స్, అపీల్స్, హెల్డ్, చార్జెస్, డ్రాప్స్. ఈ జాబితా పక్కన పెట్టుకుని, ఒక్కోదానికి ఒక వృత్తి పేరో జంతువు పేరో జోడించి వెతకాలి. జడ్జి, మేయర్, టీచర్, డాక్టర్, కుక్క, ఆవు. రెండు మాటల్నీ కొటేషన్ గుర్తుల్లో పెట్టి, బయట టిల్డ (~) గుర్తు, దాని పక్కన 3 అనే అంకె వేస్తే ఆ రెండూ మూడు మాటల దూరంలోపు ఉన్నచోట్లే వస్తాయి.

ఇక్కడొక ఇబ్బంది ఉంది. ట్రోవ్ మామూలుగా మాట మూలాన్ని పట్టుకుని దాని రూపాలన్నిటినీ తెచ్చి పెడుతుంది. ఫైర్స్ అని అడిగితే ఫైర్, ఫైర్డ్, ఫైరింగ్ కూడా వస్తాయి. హెడ్డింగు తమాషా ఒక్కోసారి చివరి ఎస్ మీదే నిలబడి ఉంటుంది కాబట్టి ఇది చికాకు పెడుతుంది. మాటకి ముందు ఇంగ్లీషులో ఫుల్‌టెక్స్ట్ అని రాసి, కోలన్ పెట్టి, ఆనుకుని మాట రాస్తే ఆ సాగదీత ఆగుతుంది. ఈ చిట్కా తెలియక చాలామంది "ట్రోవ్‌లో అంతా చెత్త వస్తుంది" అని వదిలేస్తారు. అది సేవ లోపం కాదు గానీ, ఆ సదుపాయం కళ్లెదుట కనపడేలా పెట్టకపోవడం మాత్రం లోపమే.

తేదీల విషయంలో జాగ్రత్త పడకపోతే పనంతా వృథా అవుతుంది. ఆస్ట్రేలియాని మిగతా ప్రపంచంతో కలిపిన టెలిగ్రాఫ్ తీగ 1872లో పూర్తయింది. అంతకుముందు బయటి వార్తేదైనా ఓడలో రావాల్సిందే. 1830ల్లో వార్తయితే జరిగిన తేదీకి నాలుగైదు నెలల తర్వాత వెతకాలి. 1860లకి వచ్చేసరికి ఆవిరి ఓడల వల్ల అది రెండు నెలలకి తగ్గుతుంది. ఉదాహరణకి, చంద్రుడి మీద గబ్బిలం రెక్కల మనుషులున్నారని న్యూయార్క్ సన్ పత్రిక 1835 ఆగస్టు 25 నుంచి ఆరు భాగాలుగా వేసిన కట్టుకథ ఉంది. దాని ప్రతిధ్వని కోసం అదే నెల సిడ్నీ పేపర్లు తిరగేస్తే ఏమీ ఉండదు. మరుసటి ఏడాదిలోకి వెళ్లాలి. 1872 తర్వాత సమస్య తిరగబడుతుంది. అమెరికాలో సాయంత్రమంటే సిడ్నీలో మర్నాడు. కాబట్టి సంఘటన తేదీకి ఒకటి రెండు రోజులు కలుపుకుని వెతకాలి.

తీగ వచ్చాక ఇంకో తమాషా మొదలైంది. కేబుల్ వార్తకి మాటకింత అని చార్జీ. పంపేవాడు ఎముకల గూడులా నాలుగు మాటలు పంపేవాడు. ఇవతల డెస్కు మీద కూర్చున్నవాడు వాటికి కండ పట్టించి పేరా చేసేవాడు. ఆ కండలో ఊహ ఎంతో, నిజమెంతో అతనికే తెలియాలి. ఒకే రోజు ఒకే కేబుల్ మీద మెల్‌బోర్న్ ఆర్గస్, సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ పెట్టిన హెడ్డింగులు పక్కపక్కన పెట్టి చూడండి. ఎముకలు ఏవో, కండ ఏదో ఇట్టే తెలిసిపోతుంది. ఊహించి రాసేవాళ్లకి ఇది బంగారం లాంటి సరుకు.

మొదటి పేజీ మీద ఆశ పెట్టుకోకూడదు. పతాక శీర్షిక అనగానే మొదటి పేజీయే గుర్తొస్తుంది మనకి. కానీ సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్ 1944 ఏప్రిల్ 15 వరకు మొదటి పేజీని ప్రకటనలకే ఇచ్చింది. లండన్ టైమ్స్ అయితే 1966 మే 3 దాకా ఆ పద్ధతి మార్చలేదు. పాత సంచికల్లో ముఖ్యమైన కేబుల్ వార్తలు లోపలి పేజీల్లో ఉంటాయి. పైగా పందొమ్మిదో శతాబ్దపు హెడ్డింగు మనమనుకునే హెడ్డింగు కాదు. సింగిల్ కాలమ్‌లో ఒకదాని కింద ఒకటి నాలుగైదు అంతస్తులుగా పేర్చిన మెట్లవరస అది. పై మెట్టు గంభీరంగా ఉంటుంది, మూడో మెట్టులో అసలు విడ్డూరం దాక్కుని ఉంటుంది. ఒక్క పై మెట్టు మాత్రమే కత్తిరించి తీసుకుంటే సగం పోగొట్టుకున్నట్టే.

ఇప్పుడు లోపాలు. పెద్దదేమిటంటే ఎడిషన్లు. ఒకే రోజు పేపరుని మార్పులతో కొన్నిసార్లు అచ్చేస్తారు, ఒక్కోసారి వేసింది ఒక్కో ఎడిషన్. ఏ గ్రంథాలయమైనా మైక్రోఫిల్మ్ (పేజీల్ని చిట్టి ఫొటోలుగా దాచే ఫిల్ము) కోసం సాధారణంగా రోజుకి ఒక్క ఎడిషనే భద్రపరిచింది, అదీ చాలాసార్లు చివరి ఎడిషన్. స్కాన్లు చాలావరకు ఆ ఫిల్ముల నుంచే వచ్చాయి. పరువు తీసిన హెడ్డింగులు ఎక్కువగా మొదటి ఎడిషన్‌లో ఉంటాయి, రాత్రికి రాత్రే మారిపోతాయి. 1948 నవంబర్ 3 షికాగో డైలీ ట్రిబ్యూన్ సంగతే తీసుకోండి. అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో ట్రూమన్‌ని డ్యూయీ ఓడించాడనే అర్థంతో "డ్యూయీ డిఫీట్స్ ట్రూమన్" అని అచ్చయిన ఎడిషన్ దాదాపు లక్షన్నర కాపీలు. అచ్చు కార్మికుల సమ్మె వల్ల పేజీని టైపు కొట్టి, ఫొటో తీసి, ఫలకం చేయించి అచ్చేసేవాళ్లు. అది మామూలు కంటే గంటలు ఎక్కువ పట్టే పని. అందుకే ఓట్ల లెక్క తేలకముందే పేజీ కట్టేయాల్సి వచ్చింది. తీరా చూస్తే ట్రూమన్‌కి 303 ఎలక్టోరల్ ఓట్లు, డ్యూయీకి 189. తర్వాతి ఎడిషన్లలో హెడ్డింగు మార్చారు. అంటే ఆ రాత్రి ఒకే వీధిలో ఒక ఇంట్లో డ్యూయీ అధ్యక్షుడు, పక్కింట్లో కాదు. ఊహ అక్కడి నుంచి మొదలుపెడితే ఎంత దూరమైనా నడుస్తుంది: ఆ రెండిళ్లవాళ్లూ పొద్దున్న గోడ దగ్గర ఎదురుపడతారు, ఎవరి పేపరు వాళ్లు చాపి చూపిస్తారు, ఇద్దరి మీదా ఒకే పత్రిక పేరు, ఒకే తేదీ ఉంటాయి. ఇది ఊరికే అల్లింది కాదు, ఎడిషన్ల పద్ధతి తెలిస్తేనే తడుతుంది. ఇలాంటి హెడ్డింగు స్కాన్లలో కనపడకపోతే "అబద్ధం" అని తేల్చేయకూడదు. ఎడిషన్ మారి ఉండొచ్చన్నది గుర్తుంచుకోవాలి.

రెండో లోపం యంత్రపు చదువు. సన్నటి అచ్చు, మరకలు, పేజీ అవతలి వైపు సిరా ఇవతలికి దిగడం, బైండింగు దగ్గర లైను వంకరపోవడం, వీటన్నిటివల్ల వార్త లోపలి మాటలు చెడతాయి. సి, ఇ తారుమారవుతాయి. ఆర్, ఎన్ పక్కపక్కన వస్తే ఎమ్ అయిపోతుంది. హెచ్ విరిగి ఎల్, ఐ అవుతుంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఎస్‌ని పొడుగ్గా ఎఫ్ లాగా అచ్చేసేవాళ్లు, దాన్ని యంత్రం ఎఫ్‌గానే చదువుతుంది. ముఖ్యమైన మాట దొరకకపోతే ఈ తప్పుడు రూపాలతో ఒకసారి వెతకడం అలవాటు చేసుకోవాలి.

క్రానిక్లింగ్ అమెరికాలో ఈ బాధ రెట్టింపు. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2007లో తెరిచిన సేవ ఇది. రెండు కోట్లకి పైగా పేజీలున్నాయి. డౌన్‌లోడ్‌కి ఏ అడ్డూ లేదు. కానీ ఇక్కడ వార్తల్ని విడదీయలేదు, పేజీ మొత్తం ఒకటే ముద్ద. ఏడో కాలమ్ మాట, రెండో కాలమ్ మాట కలిసి ఫలితంగా వస్తాయి. బొమ్మ మీద రంగు వేసి చూపిస్తుంది గానీ, అక్కడికెళ్లి కళ్లతో చదువుకోవాల్సిందే. పెద్ద పతాక శీర్షికలు యంత్రానికి సరిగ్గా అందవు. చిన్నక్షరాల వరసలకి అలవాటుపడిన యంత్రం అరచేతంత అక్షరాన్ని బొమ్మ అనుకుని వదిలేస్తుంటుంది. కాబట్టి అక్కడ హెడ్డింగు మాటలతో వెతకడం దండగ. వార్త లోపల తప్పకుండా ఉంటాయనుకునే ఊరి పేరు, మనిషి హోదా, వస్తువు పేరు ఇచ్చి, తేదీని వారం రోజులకి కుదించి వెతకాలి. వార్త అమెరికాదైతే ట్రోవ్‌లో దాని ప్రతిధ్వని మొదట పట్టుకుని, తేదీ, ఊరు తెలుసుకుని, తర్వాత అసలు పేజీ కోసం ఇక్కడికి రావడం మంచి వరస. నేరుగా ఇక్కడే మొదలుపెడితే పూటంతా పోతుంది.

పేపర్స్ పాస్ట్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, మంచి అర్థంలోనే. న్యూజిలాండ్ జాతీయ గ్రంథాలయం 2001 నుంచి నడుపుతోంది. వార్తలు విడదీసే ఉంటాయి, పేజీ తొందరగా తెరుచుకుంటుంది, తెర మీద గజిబిజి లేదు. ట్రోవ్‌లో దొరికిన కేబుల్ వార్తకి అక్కడి రూపం కూడా చూడాలంటే సరిపోతుంది.

దొరికినదాన్ని నిర్ధారించుకోవడం దగ్గర ఈ సేవలు చేసే మేలు చాలా పెద్దది. ఎన్నో ఏళ్లుగా చెప్పుకుంటున్న హెడ్డింగుల్లో కొన్ని ఎక్కడా అచ్చయినట్టు ఆధారం లేదు. "చిలీలో చిన్న భూకంపం, పెద్దగా ఎవరూ చనిపోలేదు" అనే అర్థం వచ్చే హెడ్డింగు లండన్ టైమ్స్‌లో తాను పెట్టానని బ్రిటిష్ పాత్రికేయుడు క్లాడ్ కాక్‌బర్న్ చెప్పుకున్నాడు. టైమ్స్ సంచికలు వెతికినవాళ్లకి అది దొరకలేదు. దాని మీద కట్టే వ్యాసం ఇసుక మీద కట్టిన ఇల్లే. దానికి బదులు అచ్చులో పేజీతో సహా దొరికే చిన్న హెడ్డింగు ఎంచుకుంటే వెయ్యి రెట్లు నయం.

చివరి పేరా దాకా చదవకుండా రాయడం మరో పొరపాటు. 1874 నవంబర్ 9న న్యూయార్క్ హెరాల్డ్, సెంట్రల్ పార్క్ జంతుశాల నుంచి మృగాలు తప్పించుకుని జనాన్ని చంపుతున్నాయని కాలమ్‌ల కొద్దీ వేసింది. ఇదంతా కల్పితమేనని చివరి పేరాలో రాసింది. అంతదూరం చదవనివాళ్లు హడలిపోయారు. ఆ హెడ్డింగు మీద ఊహాగానం అల్లాలనుకునేవాళ్లు కూడా చివరి పేరా చదవకపోతే అదే గోతిలో పడతారు. ట్రోవ్‌లో వార్త తర్వాతి పేజీకో కాలమ్‌కో కొనసాగితే ఆ ముక్క ఒక్కోసారి వేరే వార్తగా విడిపోయి ఉంటుంది. వాక్యం మధ్యలో ఆగినట్టుంటే పేజీ మొత్తం తెరిచి చూసుకోవాలి.

ఊహ అల్లే దగ్గర ఈ సరుకు ఎలా పనికొస్తుందో ఒక్కదాన్ని దగ్గరగా చూద్దాం. 1903 అక్టోబర్ 9న న్యూయార్క్ టైమ్స్ "ఫ్లయింగ్ మెషీన్స్ విచ్ డూ నాట్ ఫ్లై" అనే సంపాదకీయం వేసింది. అంతకు రెండు రోజుల ముందు అమెరికా శాస్త్రవేత్త లాంగ్లీ చేసిన ఎగిరే యంత్రం నదిలో పడిపోయింది. మనిషి ఎగరాలంటే గణితజ్ఞులు, యంత్రాలు చేసేవాళ్లు కలిసి విడవకుండా పనిచేస్తే పది లక్షల నుంచి కోటి ఏళ్లు పట్టొచ్చని ఆ రాత సారాంశం. సరిగ్గా 69 రోజులకి, డిసెంబర్ 17న, రైట్ సోదరుల విమానం 12 సెకన్లలో 120 అడుగులు ఎగిరింది. ఇక్కడ "ఎంత తప్పు చెప్పారో!" అని నవ్వేసి వదిలేస్తే అందరూ చేసే పనే అవుతుంది. ఆ మాటని నమ్మి పని మొదలుపెట్టిన కార్యాలయాన్ని ఊహించాలి. తరానికి పాతికేళ్లు వేసుకుంటే పది లక్షల ఏళ్లంటే 40,000 తరాలు. మొదటి తరం గుమస్తా ఫైలు తెరిచి, "రెక్క పొడవు: తర్వాతి తరం నిర్ణయించాలి" అని రాసి సంతకం చేస్తాడు. 212వ తరం సంఘం ఆ సంతకం ఎవరిదో తేల్చడానికి ఉపసంఘం వేస్తుంది. 9,000వ తరంలో ఎవరో ఒక పిల్లవాడు కిటికీలోంచి పక్షిని చూసి, "అది ఎంతకాలంగా ప్రయత్నిస్తోంది?" అని అడుగుతాడు. ఇక్కడ ఆగాలి. మూడు మెట్లు చాలు. నాలుగో మెట్టు వేస్తే పాఠకుడికి మెట్లే కనపడతాయి, ఇల్లు కనపడదు. ప్రతి మెట్టుకీ ఆధారం ఆ వార్తలోనే ఉండడం గమనించండి. "కలిసి, విడవకుండా" అన్న మాట లేకపోతే ఫైలూ లేదు, సంఘమూ లేదు. అందుకే హెడ్డింగు ఒక్కటే కాకుండా కింద వార్త చేతిలో ఉండాలనడం.

అదే పత్రిక 1920 జనవరి 13న, శూన్యంలో రాకెట్‌కి తోసుకోవడానికి ఏమీ ఉండదనీ, రాకెట్ల మీద పనిచేస్తున్న శాస్త్రవేత్త గొడార్డ్‌కి బడిపిల్లల పాటి భౌతికశాస్త్రం తెలియదనీ రాసింది. సవరణ 1969 జూలై 17న వచ్చింది, చంద్రుడి మీదికి అపోలో 11 బయల్దేరిన మర్నాడు. గొడార్డ్ 1945లోనే పోయాడు. ఇక్కడ ఊహించాల్సిన పనే లేదు, రెండు తేదీలూ పక్కపక్కన పెడితే చాలు. 49 ఏళ్లు ఒక సవరణ డెస్కు మీద తన వంతు కోసం కూర్చుంది.

అన్ని హెడ్డింగులూ దీనికి పనికిరావు. 1912 ఏప్రిల్ 15న న్యూయార్క్ ఈవెనింగ్ సన్, టైటానిక్‌లో అందరూ క్షేమమనీ, ఓడని హాలిఫాక్స్‌కి లాక్కొస్తున్నారనీ వేసింది. అప్పటికే 1,500 మంది పోయారు. ఆ తప్పు వైర్‌లెస్ సందేశాలు కలగలిసిపోవడం వల్ల ఎలా పుట్టిందో వివరిస్తూ రాయొచ్చు, రాయాలి కూడా. దాని మీద సరదా ఊహ అల్లకూడదు. తప్పువల్ల నష్టపోయింది పత్రిక పరువు మాత్రమే అయినచోటే నవ్వుకి చోటుంటుంది.

తెలుగులో రాసేవాళ్లకి ఇంకో మాట చెప్పాలి. రెండర్థాల ఇంగ్లీషు హెడ్డింగుని అనువదిస్తే చచ్చిపోతుంది. "స్క్వాడ్ హెల్ప్స్ డాగ్ బైట్ విక్టిమ్" అన్నది ప్రసిద్ధమైన ఉదాహరణ. కుక్క కరిచిన మనిషికి దళం సాయం చేసిందా, మనిషిని కరవడానికి కుక్కకి సాయం చేసిందా అన్నది తికమక. తెలుగులో "బాధితుడికి" అనగానే "కి" వచ్చి తికమకని తీర్చేస్తుంది. అందుకని ఇంగ్లీషు హెడ్డింగుని తెలుగు అక్షరాల్లో ఉన్నదున్నట్టు ఇచ్చి, రెండర్థాలూ చెరో వాక్యంలో విప్పి, అప్పుడు ఊహలోకి వెళ్లాలి. కొన్ని మాత్రం అదృష్టవశాత్తు కుదురుతాయి. 1929 అక్టోబర్ 30న, అమెరికా షేర్ మార్కెట్ (వాల్ స్ట్రీట్) కుప్పకూలినప్పుడు, వెరైటీ అనే వినోద పత్రిక "వాల్ స్ట్రీట్ లేస్ ఎన్ ఎగ్" అని పెట్టింది. నాటకాలవాళ్ల భాషలో గుడ్డు పెట్టడమంటే ఆట బోల్తా పడడం. మన దగ్గరా పరీక్షలో గుడ్డు వచ్చిందంటే సున్నా అనే. ఇలాంటివి దొరికినప్పుడు వదలకూడదు.

తెలుగు హెడ్డింగు తికమకపడే చోటు వేరే ఉంది. "పులి చంపిన వేటగాడు" అని ఒక సింగిల్ కాలమ్ హెడ్డింగు అనుకోండి. చోటు చాలక "ని" ఎగిరిపోతే చచ్చింది పులో వేటగాడో తెలియదు. "ఏనుగు తరిమిన గ్రామస్థులు" కూడా అంతే. ఇంగ్లీషులో క్రియ రెండు వేషాలు కడితే, తెలుగులో విభక్తి జారిపోయి అదే పని చేస్తుంది. ట్రోవ్ ఇంగ్లీషు పేపర్లకి పనిచేసినట్టు మన భాషకి పనిచేయదు కాబట్టి తెలుగు సంచికల స్కాన్లు ఎక్కడ దొరికినా కళ్లతోనే తిరగేయాలి. వెతకాల్సింది "చంపిన, తరిమిన, పట్టిన, మింగిన" లాంటి మాటల ముందు విభక్తి లేని జంతువు పేరు.

దొరికినవి దాచుకోవడానికి ట్రోవ్‌లో ఉచిత ఖాతా తెరవడం మంచిది. ప్రతి వార్తకీ సైట్ (Cite, అంటే ఆధారం చూపడం) అనే చోట శాశ్వత లింకు, పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు ఒక్క ముక్కగా దొరుకుతాయి. మొదట అది కాపీ చేసుకోవాలి. ఆ తర్వాత వార్త బొమ్మ ఒకటి, పేజీ మొత్తం పీడీఎఫ్ ఒకటి, రెండూ దించుకోవాలి. వార్త బొమ్మని కాలమ్ నుంచి కత్తిరించి ఇస్తుంది కాబట్టి పక్కనేం అచ్చయిందో దాంట్లో కనపడదు. లిస్టు అనే సదుపాయంతో హెడ్డింగుల్ని రకాలుగా పేర్చుకోవచ్చు: తొందరపాటువి, రెండర్థాలవి, జోస్యాలు. ట్యాగుల్ని అందరికీ కనిపించేలా పెడితే ఒకే రకం సరుకు వెతికేవాళ్లు ఒకరి ట్యాగు పట్టుకుని ఒకరు నడవొచ్చు.

చదువుతున్న వార్తలో యంత్రం చెడగొట్టిన లైన్లు కనిపిస్తే అక్కడికక్కడే సరిచేయొచ్చు. బొమ్మ పక్కన లైను లైనుగా అక్షరాలుంటాయి, దిద్ది సేవ్ చేస్తే సరి. చాలామంది పాఠకులు ఏళ్లుగా ఇలా దిద్దుతూ వచ్చారు, ట్రోవ్ ఇంత బాగా వెతకగలగడంలో వాళ్ల చేయి చాలా ఉంది. నియమం ఒక్కటే. యంత్రం తప్పు చదివితే దిద్దాలి. 1890లో కంపోజిటర్ (అచ్చులు పేర్చేవాడు) చేసిన అచ్చుతప్పుని మాత్రం ఉన్నదున్నట్టే ఉంచాలి. హెడ్డింగులో ఒక అక్షరం తారుమారై మేయర్ కాస్తా ఇంకేదో అయిపోయి ఉంటే వేలు ఆగదు, దిద్దాలనిపిస్తుంది. దిద్దకండి. ఆ తప్పు కోసమే ఇంకొకరు వెతుక్కుంటూ వస్తుండొచ్చు.